ఔషధసేవనమునందలి ధర్మాధర్మములు

సొమ్మిచ్చి కొన్న వస్తువుమీద కొన్నవానికి సంపూర్ణాధికారము గలదని లోకమునందు సామాన్యముగా నమ్ముచున్నారు. గొడుగును గొన్నవాడు దానిని వాడుకొనవచ్చును, మూలబెట్టవచ్చును, విఱుగగొట్టవచ్చును, అడుగువారు లేరు. ఈ న్యాయమే మందులకును జెల్లునా యనునది మేమీ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న. జలుబు చేసిననాడు అంగడికి బోయి నాలుగు మాత్రలు దెచ్చుకొని మ్రింగుటలో ధర్మాధర్మప్రసక్తి యేమున్నదని చదువరులలో గొందఱు నవ్వవచ్చును. కొంతకాలము క్రిందట మేమును నట్లే నవ్వియుందుము. మా యింట జరిగిన యొక సంగతి మమ్ము మేల్కొలిపినది గావున దానిని ముందుగా విన్నవించెదము.

మిగిలిన మందులను బీరువా సొరుగునందు దాచియుంచుట మా యింట జిరకాలమునుండి యలవాటు. వైద్యుడు ఏడుదినములకు వ్రాసియిచ్చిన మాత్రలను మూడుదినములు వాడి, జ్వరము తగ్గినతోడనే మిగిలినవానిని ఆ సొరుగున వేయుచుంటిమి. మా యింట బనిచేయు నామె కుమారునకు, తొమ్మిదేండ్లవానికి, జ్వరము వచ్చినదని విని జాలిపడి, ఆ సొరుగునుండి యాఱు మాత్రలు దీసి యిచ్చితిమి. ఆమె చేతులు జోడించి తీసికొనిపోయెను. దానము చేసితిమని యా రాత్రి మేము సంతోషించితిమి. జ్వరము రెండుదినములు తగ్గి మరల వచ్చి విడువదయ్యెను. పదియవదినమున బిల్లవానిని ప్రభుత్వాసుపత్రికి గొనిపోవలసివచ్చెను. అచ్చటి వైద్యురాలు రక్తమును పరీక్షకు బంపెను గాని, ముందే మందు పడియున్నందున గాబోలు, రోగబీజము పరీక్షకు జిక్కలేదు. ఏ మందు పనిచేయునో నిశ్చయముగా దెలియక కొన్నిదినములు గడచెను. బాలుడు బ్రదికెను. అయితే, "ఈ మాత్రలు ఎవరిచ్చినారు?" అని వైద్యురాలు అడిగినపుడు, మాకు మాట వచ్చునని భయపడి ఆ తల్లి, "ఎవరో ఇచ్చినారమ్మా" అని తల వంచుకొనెనట. ఆమె దాచిన పేరు మాది. ఈ మాట విన్ననాటినుండి పైప్రశ్న మమ్ము విడువలేదు.

మనకు దఱచుగా వచ్చు వ్యాధులన్నియు నొక్కజాతివి కావు. జలుబు, ఇన్‌ఫ్లుయెంజా, గొంతునొప్పులలో బెక్కులు వైరస్సులవలన గలుగును. టైఫాయిడు, క్షయ, నిమోనియాలలో గొన్ని బాక్టీరియావలన గలుగును. యాంటీబయాటిక్కులని మనము పిలుచు మందులు బాక్టీరియాపై బనిచేయునవే గాని వైరస్సులపై బనిచేయునవి కావు. పెన్సిలిన్ చేయు పని బాక్టీరియా తన చుట్టు గట్టుకొను గోడను జెడగొట్టుట. వైరస్సునకు ఆ గోడయే లేదు. ఇక జలుబునకు బెన్సిలిన్ వలన నేమి ప్రయోజనము? జలుబు వారము పదిదినములలో దానంతట నదియే తగ్గును. మాత్ర మ్రింగినవాడు మాత్రవలననే తగ్గెనని నమ్మును. కాకతాళీయన్యాయమునకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు. పిల్లలకు వచ్చు నీళ్లవిరేచనములలోను బహుభాగమునకు ముఖ్యముగా గావలసినది నీరు, ఉప్పు, చక్కెర తగినపాళ్ల గలిపిన పానీయమే. 1971 వ సంవత్సరమున బంగ్లాదేశ శరణార్థులలో గలరా ప్రబలి, నరములకెక్కించు ద్రవములు చాలనపుడు, దిలీప్ మహలనాబిస్ అను వైద్యుడు బంగాంవ్ శిబిరమున నీ పానీయమునే త్రాగించి వేలకొలది ప్రాణములు నిలిపెను.

అవసరము లేని మాత్ర యూరక పోవునదియైన చింతలేదు. కాని యది యూరక పోదు. మన ప్రేవులందును జర్మమునందును బాక్టీరియా లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిలో బెక్కులు మనకు మేలు చేయునవి. మందు పడినపుడు దానికి లొంగునవి చచ్చును, లొంగనివి మిగులును. మిగిలినవి ఖాళీయైన చోట వృద్ధిపొందును. మందును దిరస్కరించు గుణమును తమ సంతానమునకే గాక ప్రక్కనున్న యితర బాక్టీరియాకును బంచిపెట్టగలవు. "నా శరీరము మందునకు అలవాటుపడినది" అని కొందఱు చెప్పుట పొరపాటు. అలవాటుపడినది శరీరము కాదు, క్రిమి. శరీరము మనదే, దానితోపాటు దాని దోషము పోవును. క్రిమి మాత్రము మన చేతులనుండి, దగ్గునుండి, మురుగునీటినుండి యితరులను జేరును. ఇచ్చటనే స్వంతవిషయము సర్వజనవిషయ మగుచున్నది.

గ్రామములందలి చెఱువును దలచుకొందము. ప్రతిరైతునకును దన పొలమునకు గావలసిన నీటిపై హక్కు గలదు. అయినను, నీరక్కఱలేని దినమున రాత్రివేళ తూము దీసి నీటిని డొంకలోనికి వదలువానిని ఊరు క్షమింపదు. "నా వంతు నీరే వదలితిని" అని వాడు చెప్పిన నెవరును వినరు. దిగువనున్న పొలము ఎండునపుడు దాని యజమాని యెవరో వానికి దెలియకపోవచ్చును. తెలియకపోయినంతమాత్రమున ఎండిన పొలము పచ్చబడదు. యాంటీబయాటిక్కుల శక్తి యిట్టి చెఱువు వంటిది. మాత్రకు వెల యిచ్చి మనము కొన్నది మాత్రనే. దాని శక్తిని మాత్రము ఎవరును గొనలేదు, అది యందఱి యుమ్మడిసొత్తు.

ఇది నేటివారు కనిపెట్టిన భయము కాదు. 1928 లో బెన్సిలిన్‌ను గనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945 డిసెంబరులో నోబెల్ బహుమానము నందుకొన్న సందర్భమున జేసిన యుపన్యాసమునందే యొక కల్పితగృహస్థుని కథ చెప్పెను. ఆ గృహస్థు గొంతునొప్పికి దనంతట దానే పెన్సిలిన్ గొని, క్రిములు చచ్చుటకు జాలనంత, వానికి మందును దట్టుకొనుట నేర్పుటకు జాలినంత మాత్రము వాడెను. అతని నుండి యా క్రిములు భార్యకు సోకెను. ఆమెకు నిమోనియా వచ్చెను. పెన్సిలిన్ పనిచేయక యామె మరణించెను. ఈ మరణమునకు ముఖ్యముగా బాధ్యుడెవడని ఫ్లెమింగ్ సభను బ్రశ్నించెను. మందును గనుగొన్నవాడే దాని మహిమను గీర్తించుదినమున నిట్టి ప్రశ్న వేయుట గమనింపదగినది.

తెలుగువారమైన మనకీ విషయమున మఱియొక ఋణము గలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనమున నిరువురు సోదరులను రోగమునకు గోల్పోయి, వైద్యము నభ్యసించి, అమెరికా చేరెను. లెడర్లీ పరిశోధనాలయమున నతడు పరిశోధనల నడపుచుండగా నచ్చట బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948 లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో నదియే మొదటిది. ఆ యేటనే సుబ్బారావు మరణించెను. ఇట్టివారు జీవితములు ధారవోసి తవ్విన చెఱువునకు మనము గండి కొట్టుచున్నాము.

ఫలితము గంటికి గానవచ్చుచునే యున్నది. మందునకు లొంగని బాక్టీరియావలననే నేరుగా 2019 లో బ్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని 2022 లో వెలువడిన లెక్కలు తెలుపుచున్నవి. నెలలు నిండక పుట్టిన శిశువు, శస్త్రచికిత్సతో బ్రసవించిన తల్లి, క్యాన్సరు చికిత్సవలన బలము దొలగిన రోగి, వీరందఱును బనిచేయు యాంటీబయాటిక్కుల నమ్మి యాసుపత్రిలో బరుండియున్నారు. దిగువపొలము వీరిది.

ఇచ్చట మూడాక్షేపణలు గలవు. "పరిశ్రమలు మందులను నదులలోనికి వదలుచుండ, కోళ్లకును బశువులకును బస్తాలకొలది పెట్టుచుండ, నా యొక్కమాత్ర వలన నేమి?" అనునది మొదటిది. ఆ దోషములు నిజమే. హైదరాబాదునకు జేరువనున్న పటాన్‌చెరు ప్రాంతమున మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు గలదని 2007 లో బ్రకటింపబడెను. అది మందు మ్రింగిన రోగి రక్తమునందుండుదానికంటె నెక్కువ. కొలిస్టిన్ అను చివరియక్కఱ మందును పశువులమేతలో వాడుటను మన ప్రభుత్వము 2019 లో నిషేధించెను. పెద్దదోషమును ఖండింపవలసినదే. కాని యొరుల పెద్దతప్పు మన చిన్నతప్పును గడుగదు. తన యింటి సొరుగును సరిదిద్దుకొననివాని ఖండన కర్మాగారమువారికి వినబడదు.

"వైద్యులే వ్రాయుచున్నారు గదా" యనునది రెండవది. కొందఱు అక్కఱలేకయే వ్రాయుచున్నారు. మాత్ర వ్రాయని వైద్యుని చేతగానివానిగా నెంచి వేఱొకనియొద్దకు బోవువారము మనమే యని మఱువరాదు. వైద్యుని చీటి లేక యాంటీబయాటిక్కుల నమ్మరాదని శాసనము గలదు. 2014 మార్చినుండి వానిలో ముఖ్యమైనవాని నమ్మునపుడు రోగిపేరు, వైద్యునిపేరు వేఱుపుస్తకమున వ్రాయవలెనని నిబంధన గూడ నున్నది. పరిచయమును బురస్కరించుకొని యంగడివానిచే నా శాసనమును ముందుగా మీఱించువారము చదువుకొన్న మనమే.

మూడవది బలమైనది. "దినకూలికి వైద్యునియొద్దకు బోవు తీరిక యేది? రుసుమేది? అంగడిమాత్రయే వానికి దిక్కు." దీనికి వానిని నిందించుట యుత్తరము కాదు. మందు దొరకక చచ్చు పేదలు నేటికిని గలరు. మితవ్యయధర్మమును వారికి బోధించుట క్రూరము. అవసరమున్నవానికి మందు పూర్ణముగా దొరకవలెను. అవసరము లేనివానికి ఒక్కమాత్రయు గూడదు. ధర్మము శక్తినిబట్టి యుండును. వైద్యునికి రుసుమిచ్చి, మూడుదినములు విశ్రమించి, జలుబు తగ్గువఱకు గాచుకొనగల శక్తి యెవరికి గలదో, నిగ్రహము మొదట వారికి విధి. ఆ శక్తి మనకున్నది.

కావున మేము మా యింట జేసికొన్న నిర్ణయములను వినయముతో విన్నవించుచున్నాము. చీటి లేక యాంటీబయాటిక్‌ను గొనము. "ఇది తప్పనిసరియా?" యని వైద్యుని నడుగుదుము, అక్కఱలేదన్న సంతోషముతో నింటికి వత్తుము. ఎన్నిదినములు వాడవలెనో వైద్యుడే నిర్ణయించును. కొన్ని రోగములకు దక్కువదినములే చాలునని యిటీవల దేలినది, క్షయవంటివానిలో నడుమ మానుట మహాపాయము. ఈ రెంటిలో నేది యేదో మా జ్వరము తగ్గుటను జూచి మేము నిర్ణయింపము. టీకాలు, చేతుల శుభ్రత, మంచినీరు అను వానిని మందులకంటె ముందు దలచుదుము. రాని రోగమునకు మాత్ర యక్కఱలేదు.

ఇక ఆ సొరుగు. దానిని ఖాళీచేసితిమి. ఆ బాలుని తల్లియొద్ద మా తప్పు నొప్పుకొంటిమి. ఆమె మమ్ము నిందింపలేదు. అది మాకు మఱింత బరువైనది. ఆమె పిల్లలకు జ్వరము వచ్చినపుడు జీతము తగ్గింపక సెలవిత్తుమనియు, వైద్యుని రుసుము మేమిత్తుమనియు మాట యిచ్చితిమి. మిగిలిన మాత్ర నిచ్చుట మాకు సులభము గావుననే దానమని తోచెను. ఒకపూట సెలవు నిచ్చుట కష్టము గావుననే అంతవఱకు దోచలేదు. సులభమైనదానికి దయ యని పేరు పెట్టుకొని మనము చేయు నపకారములు మఱి యెన్ని గలవో, చదువరులు తమ తమ యిండ్లయందు విచారించుకొందురుగాక.