సెమిస్టరు చివరి పనుల కుప్ప

కాలేజీలలో చదువుకొనుచున్న మన పిల్లలను గూర్చి ఈ మాసము కొంచెము ఆలోచింపవలసియున్నది. వెనుకటి దినములలో డిగ్రీ చదువువారికి సంవత్సరమునకు ఒక్కసారే పెద్ద పరీక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 నుండి, తెలంగాణలో 2016-17 నుండి డిగ్రీ కాలేజీలలో సెమిస్టరు పద్ధతి వచ్చినది. ఒక పంట పండు చేనిలో రెండు పంటలు తీసినట్లాయెను. మొదటి పంట కోతకు వచ్చునది తరచుగా నవంబరు, డిసెంబరు మాసములలోనే. పొలములో వరికోతలు, మందిరములో క్రిస్మసు సిద్ధపాటు, కాలేజీలో పరీక్షలు, మూడును ఒక్కసారే మీదపడును.

నీడపట్టున కూర్చుండువానికి తీరిక లేకపోవుటేమని పెద్దలు కొందరు నవ్వుదురు. అట్లు నవ్వుట న్యాయము కాదు. ప్రయోగముల రికార్డులు పూర్తిచేసి సంతకములు చేయించుకొనవలెను. అసైన్‌మెంట్లు ఇయ్యవలెను. ఇంటర్నల్ పరీక్షలు వ్రాయవలెను. ఫీజు కట్టి హాల్‌టిక్కెట్టు తెచ్చుకొనవలెను. చదువు ఇవన్నియు అయిన తరువాత!

ఆ దినములలో హాస్టలు గది చూచినవారికి తెలియును. మంచము మీద జెరాక్సు కాగితములు, వాటి క్రింద ఉతకని చొక్కా, కిటికీలో సగము వ్రాసిన రికార్డు. సెల్‌ఫోనులో స్నేహితులు పంపిన పి.డి.ఎఫ్. నోట్సులు వందలకొలది, తెరచి చూచినవి నాలుగైదు. దీనిని సోమరితనమని కొట్టివేయుట సులభము. నేనట్లు తలంచను. ఆ కుప్పలోని ప్రతి కాగితము, చదువుదునా విడిచిపెట్టుదునా అని తేల్చుకొనక వాయిదా వేసిన సంగతి. చదువుటకు సమయము లేదు, పారవేయుటకు ధైర్యము లేదు. కళ్ళములో తూర్పారబట్టు రైతు, తాలు ఎగిరిపోవుచున్నదని ఏడ్వడు. (ఇప్పుడు యంత్రమే కోసి నూర్చుచున్నది గాని, చేటతో తూర్పెత్తినవారు మనలో ఇంకను ఉన్నారు.) గింజ ఏదో ఎరిగినవాడు గనుక తాలును గాలికి వదలును.

గది చిందరవందరగా ఉన్నంత మాత్రమున పాపమేమి అని మీరడుగవచ్చును. గది సంగతి ఎట్లున్నను, తొందర మనుష్యుని గుణమును మార్చును. ఏమి తిన్నావు నాయనా అని తల్లి ఫోనులో అడిగిన, విసుగుకొని పెట్టివేయును. మూడు నెలల రికార్డు రెండు రాత్రులలో ముగింపలేక, డబ్బిచ్చి ఇంకొకనిచేత వ్రాయించి, తన పేరు పెట్టుకొనును. అందరును చేయుచున్నారు గదా అనును. ఈ మాట నాకు గది చిందరవందర కంటె ఎక్కువ భయము కలిగించుచున్నది. సగము వ్రాసిన తన రికార్డును తీసికొనిపోయి, అయ్యా, ఇంతవరకే చేయగలిగితినని చెప్పినవానికి మార్కులు తగ్గవచ్చును. తగ్గనిండు.

లూకా సువార్త 10వ అధ్యాయములోని మార్తను చూడుడి. ఆమె వంట చేసినందుకు ప్రభువు తప్పుపట్టలేదు. వంట లేనిదే అతిథులకు భోజనమెట్లు? పనులు విస్తారమై ఆమె మనస్సు చీలిపోయినది. అప్పుడు తన సహోదరి మీద ఫిర్యాదు చేసినది, ప్రభువునకే ఇట్లు చేయుమని చెప్పినది. పని హద్దు మీరెనా అని తెలిసికొనుటకు గుర్తు ఇక్కడ దొరకుచున్నది: ప్రక్కనున్నవారు మనకు అడ్డుగా కనబడుట.

అయితే ఈ కుప్ప అంతయు పిల్లలు వేసికొన్నది కాదు. మనమును దాని మీద కొంత వేయుచున్నాము. క్యారల్సుకు డప్పు వాయించువాడు ఎవరు? డిగ్రీ చదువువాడే. నక్షత్రమునకు వెదురు బద్దలు కట్టువాడు, సండేస్కూలు పిల్లలకు నాటకము నేర్పునది ఎవరు? వారే. ఆడపిల్లకు ఇంటిలో అంట్లు, వంట, కోత కూలీలకు అన్నము కట్టుట అదనము. ఆమె అన్నకు ఆ పని చెప్పువారు లేరు. పరీక్ష కొరకు దేవుని పని మానుదురా అని కొందరు పెద్దలు అడిగియున్నారు. మానవచ్చునని నా అభిప్రాయము. తండ్రి అప్పు తెచ్చి కట్టిన ఫీజు మీద చదువుచున్నవానికి ఆ పుస్తకము ఎదుట కూర్చుండుటయు దేవుని ఎదుట నమ్మకత్వమే. ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ఒంటరిగా తీర్పు తీర్చుచున్న మోషేను చూచి, నీవును ఈ ప్రజలును నలిగిపోవుదురని అతని మామయైన యిత్రో హెచ్చరించెను. మోషే ఆ మాట విని పని పంచి ఇచ్చెను. దేవుని పనిని తగ్గించెనని అతనిమీద ఎవరును నేరము మోపలేదు.

యౌవనస్థులారా, మీకు ఒక మాట. పరీక్ష ముందటి సాయంకాలము కొందరు పుస్తకములన్నియు దులిపి, అట్టలు వేసి, వరుసగా పేర్చుదురు. చూచుటకు ముచ్చటగా ఉండును. ఒక్క పుట చదివినట్లు కాదు. సర్దుకొనుట కూడ పారిపోవుటకు ఒక దారి కావచ్చును. చెరలో ఉన్న పౌలు చలికాలమునకు ముందే రమ్మని తిమోతికి వ్రాయుచు, త్రోయలో విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మని అడిగెను. వాటిలో చర్మపు కాగితములు ముఖ్యమని విడిగా చెప్పెను. రేపటి పేపరునకు మీ చర్మపు కాగితములేవో ఈ రాత్రి ఏరుకొనుడి. మిగిలినవి సంచిలో వేసి మూతి కట్టుడి, నిద్రపోవుడి. ఒక పేపరు పోయినను మరల వ్రాసికొనవచ్చును. దానిని ఇంటిలో దాచిపెట్టుట మాత్రము వద్దు.

ఈ సంవత్సరము పరీక్షలు వ్రాయువారి పేర్లు క్యారల్సు జాబితాలో వేయవద్దని పెద్దలతో మాటలాడితిని. డప్పు వాయించుటకు నలువది దాటినవారు ఇద్దరు ఒప్పుకొనిరి. వారి తాళమును సంఘము కొంచెము సహింపవలెను. ఇంటిలో చోటు, నిశ్శబ్దము లేనివారికి మందిరములో రాత్రి పది గంటలవరకు దీపము వెలుగుచుండును. చాపలు ఉన్నవి. ఆడపిల్లలను తీసికొనివచ్చి మరల ఇంటికి చేర్చుటకు స్త్రీల సమాజమువారు వంతులు వేసికొనిరి. వచ్చువారు మరునాటి పేపరు పుస్తకము ఒక్కటే తెచ్చుకొనవలెను. ఫోనులు తలుపునొద్ద బల్లమీద ఉంచవలెను.