ఎలుగుబంటి పాపం చేసిందా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎలుగుబంటి ఊసు లేని ఊరు అరుదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి ఒకరిని చంపింది, మరికొందరిని గాయపరచింది. అటవీశాఖ వారు మత్తుమందిచ్చి పట్టుకుని విశాఖ జంతు ప్రదర్శనశాలకు తరలిస్తుండగా అది చనిపోయింది.

ఆ కబురు విని నాకు తెలిసిన ఒక పెద్దాయన, "చేసిన పాపం ఊరకే పోతుందా ఫాదర్?" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, "పాపం, నోరులేని జీవి" అంది. ఇద్దరూ వాడింది ఒకే మాట. వారిలో ఎవరి మాట సరియైనది?

బుద్ధి, ఇచ్ఛ ఉన్నవారే పాపం చేయగలరు. కోపం న్యాయానికి సంబంధించినదనీ, న్యాయం వర్తించని ప్రాణిపై నిజమైన కోపానికి తావులేదనీ పునీత తోమా అక్వినాసు వివరించారు. ఎలుగుకు చూపు తక్కువ. చెదపురుగులు తవ్వుకుంటూనో, పండు తింటూనో ఉండగా మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీదపడుతుంది. పిల్లల్ని వీపున మోసే తల్లి అయితే చెప్పనక్కరలేదు. అందులో పగ లేదు.

అలాగని ప్రాణం వదులుకోమని కాదు. ఎలుగును కాపాడే 1972 నాటి వన్యప్రాణి చట్టమే, ఆత్మరక్షణకై సద్బుద్ధితో చంపితే నేరం కాదంటుంది. కానీ ఎలుగు వచ్చిందనగానే ఊరంతా కర్రలతో, రాళ్ళతో చుట్టుముట్టడం ఆత్మరక్షణ కాదు. పారిపోయే దారి మూసేస్తే అది మనిషి మీదికే వస్తుంది.

నిర్గమకాండము 21వ అధ్యాయం చూడండి. ఎద్దు మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దని ముందే హెచ్చరించినా కట్టివేయకపోతే ఆ దోషం యజమానిదే. ఎలుగుకు యజమాని లేడు, నిజమే. కానీ తెలిసీ ఊరుకున్నవాని బాధ్యత మాత్రం అలాగే ఉంటుంది. పనసపండ్లు, జీడిమామిడి పండ్లు ఇంటి చుట్టూ రాలి కుళ్ళుతుంటే ఆ వాసన దానికి పిలుపు. వాటిని ఏరివేయడానికి ఎంత సేపు పడుతుంది?

చీకటి ఉండగా తోటకు ఒంటరిగా వెళ్ళకండి. టార్చిలైటు పట్టుకుని, నలుగురు కలిసి, బిగ్గరగా మాట్లాడుకుంటూ నడవండి. తోటలో ఆరుబయట పడుకోకండి. కనబడితే రాయి విసరక, మెల్లగా వెనక్కి తగ్గండి.

ఇదంతా చెబితే ఆ పెద్దాయన, "కావలి మానేస్తే జీడిగింజలు ఎవరు కాస్తారు ఫాదర్?" అన్నాడు. నా వద్ద జవాబు లేదు. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని మూగజీవులపై దయ చూపమనడం సులువే. ఆ దయకు మూల్యం చెల్లించేది రెక్కాడితేగాని డొక్కాడని ఈయన. అందుకే దాడిలో గాయపడిన కుటుంబానికి పరిహారం అందేదాకా వెంట తిరగడం కూడా ఇరుగుపొరుగు వారి పనే అంటాను.

ఆయన ఇప్పుడు తోటకు తోడు లేకుండా వెళ్ళడం లేదు. దారి పొడుగునా కీర్తనలు ఎత్తుకుంటున్నాడట. రాగం సంగతి మాత్రం అడగకండి.