విశ్వాసమూ సాక్ష్యమూ

ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే విద్యార్థి ఒకడు ఈ మధ్య మా అధ్యయన గోష్ఠిలో లేచి, "నా విశ్వాసాన్ని గుమ్మం బయట విడిచి రమ్మంటారా మాష్టారూ, దానితోనే లోపలికి రావచ్చునా?" అని అడిగాడు. కొందరు నవ్వారు. ఒకరు మార్క్సు పేరెత్తి, మతం సంగతి ఏనాడో తేలిపోయిందన్నారు. కాని అడిగినదానికి అది సమాధానం కాదు. మతం ఎందుకు పుట్టిందో వివరించడం వేరు. మతాన్ని నమ్మినవాడు పౌరుడుగా ఏంచేయవచ్చునో చెప్పడం వేరు.

ఈ రెండవ ప్రశ్నను ఎల్ సాల్వదోర్ చరిత్రలో పరీక్షించి చూడవచ్చు. మధ్య అమెరికాలోని ఈ చిన్న దేశంలో కాఫీ తోటలూ చెరకు భూములూ కొద్ది కుటుంబాల చేతుల్లో ఉండేవి. 1932లో రైతుకూలీలు తిరగబడితే సైన్యం వేలాదిమందిని చంపింది. 1977 ఫిబ్రవరిలో ఆస్కార్ రొమేరో సాన్ సాల్వదోర్ ఆర్చిబిషప్పు అయినప్పుడు సంపన్నులు సంతోషించారు. ఆయన నెమ్మదస్తుడు, పాత సంప్రదాయాన్ని అంటిపెట్టుకొన్న మనిషి. ఆ మార్చి 12న, చెరకు కూలీల నడుమ పనిచేస్తున్న ఫాదర్ రుతిలియో గ్రాందేనూ, వెంట ఉన్న ఒక వృద్ధుణ్ణీ, ఒక బాలుణ్ణీ దారిలో కాల్చి చంపారు. ఈ హత్యలపై విచారణ జరిగేదాకా ప్రభుత్వ ఉత్సవాలకు రానన్నాడు రొమేరో. జులైలో కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారానికి వెళ్ళలేదు.

మతగురువుకు రాజకీయాలెందుకని అప్పుడు గగ్గోలు పెట్టారు. అధ్యక్షుడి పక్కన కుర్చీలో కూచుంటే అది మర్యాద; ఆ కుర్చీని ఖాళీగా వదిలితే రాజకీయం!

ఇంతవరకు మనకు సులువే. అసలు చిక్కు ఇక్కడుంది. రొమేరో పీఠంమీదనుంచి మాట్లాడడం మనకు సమ్మతమైతే, రేపు ఇంకొక గురువు అదే పీఠంమీదనుంచి స్త్రీల హక్కులకో, పరమతస్థులకో వ్యతిరేకంగా చట్టం చేయమంటే ఏ నోటితో కాదంటాము? మన పక్షాన ఉంటే విశ్వాసమనీ, ఎదుటి పక్షాన ఉంటే మౌఢ్యమనీ అనడం సిద్ధాంతం కాదు, అవకాశవాదం.

రొమేరో ఏం మాట్లాడాడో చూస్తే ఈ చిక్కు కొంత విడిపోతుంది. ఆయన ఆదివారపు ప్రసంగాలు రేడియోలో వచ్చేవి. చంపబడినవారి పేర్లూ, మాయమైనవారి పేర్లూ వారంవారం వాటిలో చదివేవాడు. చర్చి నడిపే న్యాయసహాయ కార్యాలయం ఆ వివరాలను సేకరించేది. 1980లో ఆ రేడియో కేంద్రంపై బాంబుదాడి జరిగింది. ఆ జాబితాను నమ్మడానికి క్రీస్తును నమ్మనక్కరలేదు. నాస్తికుడు కూడా ఆ ఊరికి వెళ్ళి విచారించి, తప్పుంటే తప్పనవచ్చు. పేర్లు చదివే ధైర్యం ఆయనకు విశ్వాసం ఇచ్చి ఉండవచ్చు. దేశం ముందు పెట్టినది మాత్రం సాక్ష్యం.

దేవుడి పేరు కూడా ఎత్తాడు గదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1980 మార్చి 23న, సొంత ప్రజలను చంపమన్న ఆజ్ఞను పాటించవద్దని దేవుడి పేర సైనికులను కోరాడు. కాని ఆ మాట తన మతాన్నే నమ్మే సైనికుల మనస్సాక్షికి చేసిన విజ్ఞప్తి. నమ్మనివాడి తలపై రుద్దిన చట్టం కాదు. మరునాడు ఒక ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా ఆయనను కాల్చి చంపారు. ఆజ్ఞ ఇచ్చినది ఒక మాజీ సైనికాధికారి అని 1993లో ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘం తేల్చింది.

అయితే రొమేరోను మనవాడని చంకన పెట్టుకోనూ వద్దు. వామపక్ష గెరిల్లాలు చేసిన అపహరణలనూ హత్యలనూ ఆయన ఖండించాడు. ఇంకొక సంగతి: అదే బైబిలు చదివే ఆ దేశపు బిషప్పులలో ఎక్కువమంది ఆయనకు ఎదురు నిలిచారు. కనుక విశ్వాసం ఒక్కటే మనిషిని న్యాయంవైపు నిలపదు. అవిశ్వాసం ఒక్కటీ నిలపదు.

అంచేత ఆ విద్యార్థికి నా సమాధానం ఇది: దేన్నీ గుమ్మం బయట విడవనక్కరలేదు, దానితోనే రా. కాని అందరినీ కట్టిపడవేసే కోరిక కోరినప్పుడు, గ్రంథంలో ఉందని ఊరుకోక, నమ్మనివాడు కూడా పరీక్షించగల కారణం చూపు. ఈ నిబంధన మాకూ వర్తిస్తుంది. మార్క్సు పేరెత్తి ఊరుకోవడం కారణం చూపడం కాదు. వచ్చే వారం అతడు గోష్ఠికి వస్తే, మేము మొదట చేయవలసిన పని ఆ నవ్వుకు క్షమాపణ చెప్పడం.