నష్టమునకు ఓర్చిన మాట

పఠనము: 15వ కీర్తన

తనకే నష్టమని తెలిసియు ఇచ్చిన మాటను వెనుకకు తీసికొననివానిని, దేవుని గుడారములో ఉండదగినవారిలో దావీదు లెక్కించుచున్నాడు.

చాడ్ హెన్నింగ్స్ అమెరికాలోని అయోవా రాష్ట్రపు రైతుబిడ్డ. కొలరాడోలోని వాయుసేన అకాడమీలో చదువుచు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడెను. పేరుకు ఫుట్‌బాలే గాని, అది చేతులతో బంతి పట్టి, దేహముతో దేహము ఢీకొను ఆట. ఎదిరి వరుసను ఛేదించుటలో నేర్పరియై 1987లో ఔట్‌లాండ్ ట్రోఫీ పొందెను. అయినను 1988లో డల్లాస్ కౌబాయ్స్ అను వృత్తి జట్టు అతనిని పదకొండవ విడతలో మాత్రమే ఎంచుకొనెను. అందుకు కారణము అతని బలహీనత కాదు, అతని మాట. ఆ అకాడమీలో చదువునకు రుసుము లేదు; బదులుగా పట్టభద్రుడు సేనలో పనిచేయవలెను.

ఆటగాని బలము త్వరగా తరుగును. హెన్నింగ్స్ ఆ మంచి యేండ్లనే ఏ-10 యుద్ధవిమానమునకు ఇచ్చెను. 1991లో సద్దాం హుస్సేన్ సేనలకు వెరచి కుర్దు ప్రజలు కొండలకు పారిపోయిరి. వారికి సహాయము చేర్చువారిని కాచుటకు అతడు ఉత్తర ఇరాక్‌పై 45 సార్లు ఎగిరెను. 1992లో వాయుసేన తన బలగమును తగ్గించుకొనుచు అతనిని విడుదల చేయగా, 26 ఏండ్ల వయస్సున కొత్తవాడుగా డల్లాస్ చేరెను. ఆ జట్టుతో మూడు సూపర్ బౌల్ విజయములు చూచెను.

ఆ మూడింటిని చూపి, మాట నిలుపుకొన్నందుకు దొరికిన కూలి ఇదియే అనుట సులభము. కీర్తన అట్లు చెప్పదు. నష్టమును నష్టమనియే పిలుచును. 1988లో విమాన శిక్షణకు పోయిన యువకునికి ఆ విజయములలో ఒక్కటియు కనబడలేదు.