పిల్లల ఫోను, పెద్దల ధర్మం

పిల్లలు నిద్రపోయిన తరువాత వారి ఫోను తెరిచి చూడటం తల్లిదండ్రులకు ధర్మమేనా? అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. ఆలయంలో ఆదివారం తరగతులు ముగిసేవరకు వేచి ఉండే తల్లిదండ్రుల మాటలు చదువులతో మొదలై, ఎటు తిరిగినా ఫోను దగ్గరకే వచ్చి ఆగుతున్నవి. మా బిడ్డ, మేము కొనిచ్చిన ఫోను, చూస్తే తప్పేమిటని కొందరి వాదం. పిల్లలకంటూ ఒక మనసు ఉండవద్దా అని మరికొందరి ప్రశ్న. రెండింటిలోనూ సత్యం ఉన్నది కనుకనే తీర్పు సులభం కాదు.

తల్లిదండ్రుల భయం ఊహాజనితం కాదు. 2023 మే నెలలో అప్పటి సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తి విడుదల చేసిన హెచ్చరిక, సోషల్ మీడియా పిల్లలకు తగినంత సురక్షితమని నిర్ధారించేందుకు ఇప్పుడున్న ఆధారాలు చాలవని చెప్పింది. రోజుకు 3 గంటలకు మించి అందులో గడిపే కౌమార వయస్కులలో కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యల ముప్పు రెట్టింపుగా కనిపించిందని కూడా పేర్కొన్నది. ఎంత జరిపినా అడుగు కనబడని తెర, ఒకటి ముగియగానే తనంత తానే మొదలయ్యే వీడియో, ఇవి యాదృచ్ఛికంగా ఏర్పడినవి కావు. వాటిని రూపొందించే వృత్తులలో మనవారూ ఉన్నారు కదా! పెద్దలనే కదలనివ్వని ఆ అమరికను పన్నెండేళ్ళ బిడ్డ తన నిగ్రహంతోనే జయించాలని కోరటం న్యాయం కాదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవటానికీ వీలులేదు. ఖాతా తెరవటానికి 13 ఏళ్ళు నిండాలన్న నియమాన్ని చాలామంది పరిణతికి కొలతగా భావిస్తారు. నిజానికి ఆ వయసు, పిల్లల వ్యక్తిగత సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించరాదని 1998లో చేసిన అమెరికా చట్టం నుండి వచ్చింది. పదమూడేళ్ళు నిండిన మరునాడు బిడ్డకు వివేకం కలుగుతుందని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు.

అయితే నిఘాయే మార్గమా? ఇక్కడ ఒక ఘోరమైన విషయాన్ని సంకోచం లేకుండా ప్రస్తావించవలసి ఉన్నది. ఆన్‌లైన్ ఆటలలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్మాయిగా పరిచయం చేసుకొని, తియ్యగా మాట్లాడి, అబ్బాయి చేత అసభ్యమైన ఫోటో పంపించుకొని, మరుక్షణమే డబ్బు కోసం బెదిరించే ముఠాలు ఉన్నవి. వీరి బారిన పడేవారిలో 14 నుండి 17 ఏళ్ళ మగపిల్లలే ఎక్కువని ఎఫ్‌బీఐ పలుమార్లు హెచ్చరించింది. ఆ బెదిరింపు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలూ ఉన్నారు. ఈ నేరగాడి చేతిలో ఉన్న ఆయుధం ఫోటో అనుకుంటాం. అసలు ఆయుధం, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న బిడ్డ భయం. పరువు, నలుగురూ ఏమనుకుంటారో అన్న మాటలు నిత్యం మ్రోగే ఇళ్ళలో ఆ ఆయుధానికి పదును మరింత ఎక్కువ.

అందుచేత రహస్య నిఘా వలన కలిగే లాభాన్ని దీనితో తూచి చూడాలి. చాటుగా చదివే తండ్రికి కొన్ని సందేశాలు దొరకవచ్చు. కానీ ఆ సంగతి తెలిసిన నాడు బిడ్డ నేర్చుకొనేది మరింత లోతుగా దాచటమే. అర్ధరాత్రి బెదిరింపు వచ్చినప్పుడు అమ్మను లేపి చెప్పగల ధైర్యం ఆ బిడ్డకు ఎక్కడి నుండి వస్తుంది?

ప్రహ్లాదుని కథను మనం భక్తికథగానే విన్నాం. తండ్రీకొడుకుల సంభాషణగా కూడా దానిని చదువవచ్చు. భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకును తొడపై కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చుకున్నావని ముద్దుగానే అడుగుతాడు. బాలుడు దాపరికం లేకుండా చెబుతాడు. ఆ తండ్రి అడగక చెడలేదు, విన్నదానిని భరించలేక చెడ్డాడు. ప్రహ్లాదుడు శిక్షకు వెరవనివాడు కనుక మళ్ళీ మళ్ళీ నిజమే చెప్పాడు. మన పిల్లలు అంతటివారు కారు. ఒకసారి నిజం చెప్పి తిట్లు తింటే రెండవసారి అబద్ధం చెబుతారు, మూడవసారి మనకు తెలియని ఇంకొక ఖాతా తెరుస్తారు.

పర్యవేక్షణ వద్దని దీని భావం కాదు. ఎనిమిదేళ్ళ బిడ్డ ఏమి చూస్తున్నదో పక్కన కూర్చొని చూడవలసిందే, రాత్రి ఫోనులన్నీ పడకగది వెలుపల ఉంచవలసిందే. అది బహిరంగంగా, ముందే చెప్పి చేయాలి. వయసుతో పాటు సడలించాలి. పదహారేళ్ళ బిడ్డను మిత్రునిగా చూడమన్న నీతి మనకు కొత్తది కాదు. నిజంగా ప్రాణాపాయం శంకించినప్పుడు తెరిచి చూడటం తప్పు కాదని మా అభిప్రాయం. అప్పుడు కూడా, చూశామని తరువాత మనమే చెప్పాలి.

బెదిరింపు సంగతి బిడ్డ వచ్చి చెప్పిన రోజున మొదటి మాట "ఎందుకు పంపావు?" అని ఉండకూడదు. డబ్బు పంపవద్దు, సందేశాలు చెరిపివేయవద్దు, ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేయాలి. పద్దెనిమిదేళ్ళ లోపు వారి చిత్రాలను వ్యాప్తి కాకుండా ఆపటానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉన్నది. బిడ్డ బాగా కుంగిపోయినట్లు కనిపిస్తే 988 నంబరుకు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు.

ఇక మన సంగతి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మమ్మ, నాయనమ్మలతో పిల్లలు తెలుగులో మాట్లాడేది ఆ ఫోనులోనే కనుక దానిని ఇంటి నుండి వెళ్ళగొట్టలేము. అయితే హారతి వేళ కళ్ళకు అద్దుకోవలసిన చేతులలో ఫోను ఎవరిదో గమనిస్తే, ఎక్కువగా పెద్దలదే. బిడ్డ స్నానం, బిడ్డ ఏడుపు, అరంగేట్రంలో తడబడిన అడుగు, అన్నిటినీ నాలుగు వాట్సాప్ గుంపులకు పంపేదీ మనమే. వ్యక్తిగత విషయాలు అపరిచితులకు ఇవ్వవద్దని మనం చెప్పేది ఆ బిడ్డకే. పంపే ముందు "ఈ ఫోటో పెట్టనా?" అని అడిగితే కొన్నిసార్లు వద్దంటారు. అప్పుడు పెట్టకూడదు.