మడి ఎవరి కోసం?

మా బామ్మ మడిచీర ఆరేసే దండెం ఎవరి చేతికీ అందనంత ఎత్తులో ఉండేది. స్నానం చేసి తడిబట్టతో వచ్చి, కర్రతో ఆ చీర కిందికి లాగి కట్టుకునేది. అక్కణ్ణుంచి వంటయి నైవేద్యం పెట్టేదాకా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. చిన్నప్పుడు నేను మరిచిపోయి కొంగు పట్టుకుంటే పల్లెత్తు మాట అనకుండా మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళేది. నర్సింగులో చేరతానన్నప్పుడు మాత్రం మూడు నెలలు నాతో మాట్లాడలేదు. "ఎవరెవర్నో ముట్టుకునే పని" అంది.

ముప్పై ఏళ్ళు ఆ పనే చేశాను. రిటైరయ్యాక కూడా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. శుచి ఎవరి కోసం?

పతంజలి చెప్పిన నియమాల్లో మొదటిది శౌచం. దాని ఫలాల్లో ఆయన ముందుగా చెప్పినవి రెండు: సొంత ఒంటి మీద ఏవగింపు, ఇతరులతో స్పర్శ లేకపోవడం. ఏకాంతంలో కూర్చునే యోగికి అది సరే. రోగిని ముట్టుకోకుండా సేవ చేసేదెవరు? పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒళ్ళు ఒత్తిగిలించాలి, యూరిన్ బ్యాగు ఖాళీ చేయాలి, కుట్లు చూడాలి. వార్డులో మడి కట్టుకుని రోజంతా నిలుపుకోవడం కుదరదు. ఒక మనిషిని తాకగానే అది అయిపోతుంది. ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళేముందు మళ్ళీ మొదలు.

నేను సర్వీసులో చేరిన ఐదో ఏడు. నైట్ డ్యూటీ. నాలుగో బెడ్ పెద్దాయన యూరిన్ బ్యాగు ఖాళీ చేస్తున్నాను, చేతులకు గ్లవ్స్ ఉన్నాయి. పక్క బెడ్ ఆమె "సిస్టర్, చెయ్యి మండుతోంది" అంది. అవే గ్లవ్స్‌తో వెళ్ళి ప్లాస్టర్ విప్పి, సెలైన్ సూది కదిలిందేమో చూసి, సర్ది మళ్ళీ అంటించాను. గ్లవ్స్ ఉన్నాయిగా, నాకేం అంటదు అనుకున్నాను. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది అంతే.

మూడో రోజు ఆమెకు చలిజ్వరం వచ్చింది. చెయ్యి మోచేతి దాకా ఎర్రగా వాచింది. రక్తం కల్చర్‌కి పంపారు, యాంటీబయాటిక్ మార్చారు. నాలుగు రోజుల్లో ఇంటికెళ్ళాల్సిన మనిషి రెండు వారాలుంది. వెళ్ళేరోజు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఆ జ్వరం నా చేతి వల్లే వచ్చిందా? ఎవరూ చెప్పలేరు. తెలిసి చేసిన పాపానికీ తెలియక చేసినదానికీ మన ధర్మశాస్త్రాలు వేరువేరు ప్రాయశ్చిత్తాలు చెప్పాయి. చేశానో లేదో ఎప్పటికీ తేలని దానికి ఏం చేయాలి? వియన్నా పెద్దాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుకీ ఇదే బాధ. శవాలను కోసిన చేతులతో డాక్టర్లు నేరుగా కాన్పులకు వస్తున్నారని కనిపెట్టి, 1847 మేలో బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోయిన వార్డులో జూన్‌కి ఆ లెక్క రెండుకు దిగింది. శవాలు కోసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. తన వల్ల ఎంతమంది పోయారో దేవుడికే తెలుసని తన పుస్తకంలో రాసుకున్నాడు. నాకు ఆయన కనిపెట్టినదానికన్నా ఆ ఒప్పుకోలే గొప్పగా కనిపిస్తుంది.

ఆ రాత్రి నా గ్లవ్స్ బామ్మ మడిచీర లాంటివి. నన్ను కాపాడాయి, ఆమెను కాపాడలేదు. తనకు ఏమీ అంటకూడదని చూసుకునే శుచిని నేనిప్పుడు శుచి అనలేను. నా నుంచి ఇంకొకరికి అంటకూడదనేదే శౌచం. అలా చూస్తే అది అహింసకు ఇంకో పేరు.

మా వార్డులో ఒక ఆయమ్మ ఉండేది. బామ్మ గడప దాటనివ్వని కులం ఆమెది. బెడ్‌పాన్ తీసిన ప్రతిసారీ గాజులు పైకి తోసుకుని, సబ్బు నురగతో వేళ్ళ సందులు, బొటనవేలి చుట్టూ, గోళ్ళ చివర్లు, మణికట్టు దాకా రుద్దేది. చలికాలంలో ఆమె చేతులు పగిలి నెత్తురు చిమ్మేవి. ఎవరూ చూడని రాత్రి రెండింటికి కూడా అంతే. "పక్క మంచంలో పచ్చి కుట్లున్నాయి గదమ్మా" అనేది. అంత మడి నేను మా ఇంట్లో చూడలేదు.

మీవాళ్ళను చూడ్డానికి ఆసుపత్రికి వస్తారు. వార్డు గుమ్మం దగ్గర ఆగి చేతులు కడుక్కోండి. సబ్బుతో అయితే నిమిషం, శానిటైజర్ అయితే అర నిమిషం. మంచం మీద కూర్చోవద్దు. జలుబో జ్వరమో విరేచనాలో ఉంటే ఆ రోజుకి రావద్దు. తీర్థం నోట్లో పోసేముందు, విభూతి పెట్టేముందు సిస్టర్ని ఒక మాట అడగండి. డాక్టరు గానీ నర్సు గానీ మీ మనిషి మీద చెయ్యి వేయబోతే "చేతులు కడుక్కున్నారా అండీ" అని అడగండి, మొహమాటపడకండి. ఆ రాత్రి ఐదో బెడ్ దగ్గర ఎవరైనా నన్ను అడిగి ఉంటే ఆ గ్లవ్స్ తీసేసేదాన్ని.