అరిగిన గడప

అలంపురం వెళ్లినప్పుడల్లా పునర్నిర్మాణం అన్న మాట నన్ను నిలదీస్తుంది. జోగులాంబ గుడి 2005లో పాత చోటే కొత్త రాళ్లతో లేచింది. సంగమేశ్వరాలయం కథ వేరు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గర చాళుక్యుల కాలంలో కట్టిన గుడి అది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాళ్లకు అంకెలు వేసి, విప్పి, అలంపురం తెచ్చి పేర్చారు. అక్కడ నేల పాతది, రాయి కొత్తది. ఇక్కడ రాయి పాతది, నేల కొత్తది. రెండింటికీ ఒకటే మాట ఎలా సరిపోతుంది? సంగమం లేనిచోట సంగమేశ్వరుడేమిటి?

‘పునః’ అనడమే అబద్ధమనుకునేవాణ్ణి. జీర్ణోద్ధరణ అన్న పాత మాటే నయం, జీర్ణమైందని ముందే ఒప్పుకుంటుంది.

కానీ మా అవ్వ గడప సంగతి?

ఆమె ఊరూ ఆ నీళ్లలోనే పోయింది. ఇల్లు విప్పి దూలాలు, తలుపులు, వేపగడప బండికెత్తించింది. కొత్త ఇంటికి గడప ఎత్తే రోజు వడ్రంగి దాన్ని చేత్తో తడిమి చూశాడు. నడుమ దోసిలిలా గుంట పడింది. “బాగా అరిగిందమ్మా, తిప్పి పెడతా” అన్నాడు.

“అరిగింది మా కాళ్లకే గదా నాయనా. అట్లే పెట్టు” అంది అవ్వ.

ఆ గుంటలో పసుపు పూస్తుంటే అది పాత ఇల్లు కాదని అనగలనా? అనలేను. అప్పుడు గుడినీ తప్పుపట్టలేను.

అయినా ఒక సాయంత్రం మరిచిపోలేదు. పాలు కాచి దించి, అవ్వ అలవాటుగా గడపలోకొచ్చి గోడవైపు తిరిగి కేకేసింది: “వదినా, తోడుకు చుక్క మజ్జిగ పొయ్యవా?”

పలికేవాళ్లు లేరు. పాత ఊళ్లో పక్కింటి ఆ వదిన కుటుంబం వేరే ఊరికి పోయి అప్పటికి ఆరు నెలలు. అవ్వ గిన్నె పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది.

గుడి రాళ్లకు అంకెలు వేశారు. అందుకే ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో తప్పిపోలేదు. మనుషుల్ని లెక్కపెట్టారు, పరిహారం రాశారు. ఎవరి పక్కన ఎవరుండేవారో మాత్రం ఎవరూ రాసుకోలేదు. పునర్నిర్మాణం అన్న మాట గుడికి చెల్లుతుందని ఇప్పుడు ఒప్పుకుంటాను. మా ఊరికి మాత్రం చెల్లనివ్వను.